బ్లూస్ గిటార్: బొటనవేలిని పాట నుంచి విడదీయడం ఎలా?

ప్రశ్న (అమలాపురం నుంచి):
నమస్కారమండి. చిన్నతనంలో కొన్నేళ్లు వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు అకౌస్టిక్ గిటార్‌పై, పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) లేకుండా వేళ్లతో మీటే బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల సంగీతం) పద్ధతిని సొంతంగా సాధన చేస్తున్నాను. వీణలో స్వరాలను చూపుడువేలు, మధ్యవేలు మీటుతాయి, తాళపు తీగలను చిటికెనవేలు చూసుకుంటుంది, బొటనవేలికి పనే ఉండదు. గిటార్‌పై మాత్రం మంద్ర తీగల బాధ్యతంతా దానిదే. ఆరో తీగ, నాలుగో తీగ మార్చి మార్చి మీటుతున్నంతసేపూ లయ నిలుస్తోంది కానీ, సన్న తీగలపై పాట మొదలుపెట్టగానే బొటనవేలు కూడా ఆ పాట వెంటే పోతోంది. ఏ క్రమంలో సాధన చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?

జవాబు (భీమవరం నుంచి):
మీరు మార్చి మార్చి మీటే పద్ధతితో మొదలుపెట్టడమే కష్టానికి కారణమని నా అభిప్రాయం. ముందు E కార్డ్ (కలిసి పలికే స్వరాల కోసం వేళ్లు పట్టే అమరిక) పట్టి, ఆరో తీగనొక్కదాన్నే బార్‌కు (ఒక తాళావర్తం లాంటిది) నాలుగు దెబ్బల చొప్పున మీటండి. అరచేతి అంచును బ్రిడ్జ్ (గిటార్ పెట్టె మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలకు తేలికగా ఆనిస్తే ఆ నాదం సాగకుండా పొట్టిగా, మృదంగపు దెబ్బలా పలుకుతుంది. అమెరికాలోని మిసిసిపీ డెల్టా ప్రాంతపు బ్లూస్ వాద్యకారులలో చాలామంది మంద్రాన్ని ఇలా ఒకే తీగపై నిలిపినవారే. మెట్రోనోమ్‌ను (లయ దెబ్బలు వినిపించే సాధనం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, బొటనవేలి దెబ్బతో కలిసే స్వరాలను మాత్రమే మొదట చేర్చండి. దెబ్బకూ దెబ్బకూ నడుమ పడే స్వరాలు ఆ తర్వాతి మెట్టు. బ్లూస్ నడక చాలావరకు తిశ్రమే (దెబ్బకు మూడు భాగాలు) కాబట్టి, ప్రతి దెబ్బనూ "తకిట" అనుకొని "త" దగ్గర బొటనవేలు, "ట" దగ్గర చూపుడువేలు మీటి, "కి"ని ఖాళీగా వదలండి. వీణ నేర్చినవారికి ఈ లెక్క కొత్త కాదు. నోటితో చెప్పలేనంత వేగంలో ఎప్పుడూ వాయించవద్దు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):
పై సలహాలో లయ గురించి చెప్పినదంతా సరైనదే కానీ, మార్చి మార్చి మీటడాన్ని పూర్తిగా పక్కన పెట్టనవసరం లేదు. 1928లో తొలి రికార్డులు చేసి, 1963లో మళ్లీ వెలుగులోకి వచ్చిన బ్లూస్ గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్ వాదనం వినండి. పేరులో మిసిసిపీ ఉన్నా ఆయన శైలి డెల్టా శైలి కాదు; బొటనవేలు తీగ మార్చుతూ నిలకడగా నడుస్తుంటే, పాట దాని మీద తేలికగా సాగుతుంది. C కార్డ్‌లో ఐదు, నాలుగు తీగల మధ్య కదలిక చిన్నది కనుక అక్కడ మొదలుపెట్టండి. ఇక వేళ్ల సంఖ్య గురించి కంగారు పడవద్దు. మరో బ్లూస్ గిటారిస్టు రెవరెండ్ గ్యారీ డేవిస్ బొటనవేలు, చూపుడువేలు మాత్రమే వాడి అంత క్లిష్టమైన సంగీతం పలికించారు.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. E కార్డ్‌తో మొదలుపెట్టి, తర్వాత C కార్డ్‌కు వస్తాను. మరో సందేహం: వానకాలంలో తీగలు త్వరగా తుప్పు పట్టి వేళ్లకు గరుకుగా తగులుతున్నాయి. దీనికేమైనా ఉపాయం ఉందా?

జవాబు (పాలకొల్లు నుంచి):
మన కాలువల నేలలో అది తప్పదండి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగలను కింది వైపు కూడా తుడిచి, గిటార్‌ను సిలికా జెల్ సంచులతో పెట్టెలో మూసి ఉంచండి. పూత పూసిన తీగలు ఖరీదైనా ఎక్కువకాలం మన్నుతాయి. తేమకు చెక్క ఉబ్బి తీగలు ఎత్తుగా లేస్తే ఎడమచేతికి శ్రమ పెరుగుతుంది కనుక, వానలు ముదిరాక ఒకసారి ఆ ఎత్తును చూసుకోండి.