రెక్కలు తిరుగుతున్నా కరెంటు రాదెందుకు?

ప్రశ్న: రాయలసీమలోని రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నా ఒక్కోసారి కరెంటు రాదంటారు, నిజమేనా? నిమిషానికి 15 చుట్లతో జనరేటర్ ఎలా నడుస్తుందండీ?

జవాబు 1: నిజమే. గాలి సెకనుకు 3-4 మీటర్లు దాటేదాకా జనరేటర్‌ను గ్రిడ్‌కు, అంటే కరెంటు సరఫరా లైన్లకు, కలపరు, రెక్కలు ఊరికే తిరుగుతుంటాయి. ఇక చుట్ల సంగతి: గేర్‌బాక్స్ ఆ 15ను సుమారు 100 రెట్లు పెంచి 1500 చేస్తుంది. చాలా మరల్లో జనరేటర్ ఇచ్చేది 690 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 కేవీకి (33 వేల వోల్టులకు) పెంచి సబ్‌స్టేషన్‌కు పంపుతుంది.

జవాబు 2: అసలు కీలకం గాలి వేగమండీ. వేగం రెట్టింపైతే గాలిలోని శక్తి 8 రెట్లవుతుంది. కాబట్టి 4 మీటర్ల గాలిని చూసి ఆశపడకూడదు. 12 మీటర్ల దగ్గర దాదాపు పూర్తి సామర్థ్యం వస్తుంది. ఆపైన రెక్కల కోణం మార్చి అదనపు గాలిని వదిలేస్తారు. 25 దాటితే మరను ఆపేస్తారు.

ప్రశ్న: ఎక్కువ ఇబ్బంది పెట్టే భాగం?

జవాబు 1: నా లెక్కలో గేర్‌బాక్సే, ముఖ్యంగా బేరింగులు. నూనెలో తేమ చేరితే నూనె పూత పలచబడి లోహం అరుగుతుంది, ఆ రజనే మళ్లీ గేర్ల పళ్లను కొరుకుతుంది. ఆయిల్ శాంపిల్‌లో ఇనుము పెరుగుతుంటే ఆలస్యం చేయకండి. పైనుంచి గేర్‌బాక్స్ దించాలంటే భారీ క్రేన్ కావాలి.