ఐఎల్‌ఓ ట్రిబ్యునల్: 60 రోజుల లెక్క ఎలా?

మాది తిరుపతి. జెనీవాలోని ఒక అంతర్జాతీయ సంస్థ మా తమ్ముడి కాంట్రాక్టు రెన్యువల్ చేయలేదు. జనవరి 12న సంస్థలోపలే అప్పీల్ పెట్టాడు. ఫిబ్రవరి 3న 'మీ అప్పీల్‌ను బోర్డుకు పంపాం' అని రెండు లైన్ల మెయిల్ వచ్చింది (బోర్డు అంటే సంస్థలోపలి అప్పీళ్లను చూసేది). ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. గుర్తుచేస్తూ మెయిళ్లు పెట్టాడు, స్టాఫ్ యూనియన్‌నూ అడిగాడు. 'ఆగండి' అంటారంతే. ఇక్కడ కోర్టు దగ్గర లాయర్‌ని కలిస్తే, అలాంటి సంస్థలకు ఇమ్యూనిటీ (కోర్టు కేసుల నుంచి రక్షణ) ఉంటుంది, మన దగ్గర కేసు నిలవదన్నారు.

అందుకే, ఇలాంటి సంస్థల ఉద్యోగుల వివాదాలు విచారించే ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ట్రిబ్యునల్ స్టాట్యూట్ (దాని నిబంధనావళి) ఆర్టికల్ 7 చదివాం. 60 రోజుల్లో నిర్ణయం రాకపోతే తిరస్కరించినట్టే లెక్క, అక్కడి నుంచి 90 రోజుల్లో ఫిర్యాదు వేయాలి. ఆ గడువు దాటిపోతే అంతే సంగతులు, అదే మా టెన్షన్. ముందే వేస్తే లోపలి అప్పీల్ పూర్తికాలేదని కొట్టేస్తారేమో!

ఇలాంటి కేసులు చూసినవాళ్లు చెప్పండి: బోర్డుకు పంపామన్న ఆ మెయిల్‌తో 60 రోజుల లెక్క ఆగిపోయినట్టేనా?