ఫ్లాస్కులో పెరిగిన సూక్ష్మశైవలం ఆరుబయట ఎందుకు నిలవడం లేదు? ఉమ్మడి పరిశోధన కేంద్రంపై సలహా కావాలి

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, చెన్నై

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. జీవ ఇంధనం కోసం నానోక్లోరాప్సిస్ అనే ఉప్పునీటి సూక్ష్మశైవలాన్ని (మైక్రోస్కోపుతో మాత్రమే కనిపించే నాచును) పెంచుతున్నాను. ఏసీ గదిలో, ట్యూబులైట్ల వెలుగులో, రెండు లీటర్ల ఫ్లాస్కులలో అది చక్కగా పెరుగుతోంది. కిందటి మే నెలలో మా భవనం మేడ మీద 500 లీటర్ల తొట్టిలో వేసినప్పుడు మాత్రం పదకొండో రోజుకు పచ్చదనమంతా పోయి, గోధుమరంగు మడ్డిగా అడుగున పేరుకుంది. నేను రోజుకు ఒక్కసారి, అదీ ఉదయం పూట మాత్రమే ఉష్ణోగ్రత రాసుకున్నందువల్ల కారణమేమిటో ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

పెద్ద తొట్లు, పంపులు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు కొనే స్తోమత ఏ ఒక్క ప్రయోగశాలకూ లేదు కనుక, నాలుగైదు విద్యాసంస్థలు కలిసి వాడుకునే కేంద్రం కోసం ప్రతిపాదన రాయమని మా గైడ్ గారు చెప్పారు. పరికరాల జాబితా సిద్ధం చేశాను. అంతకు మించి అందులో ఏముండాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1: బయోకెమికల్ ఇంజినీరు, గిండీ

పరికరాల జాబితాను చివరి పేజీకి జరపండి. అందరూ ఒకే పద్ధతిలో పెంచి, ఒకే పద్ధతిలో కొలిచి, ఆ లెక్కలను అందరికీ తెరిచి ఉంచే ఏర్పాటు మొదటి పేజీలో ఉండాలి. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నడిపిన శైవలాల కార్యక్రమంలో న్యూమెక్సికోలోని రాస్వెల్ దగ్గర 1000 చదరపు మీటర్ల రేస్‌వే చెరువులు (నీరు గుండ్రంగా తిరుగుతూ ఉండే లోతు తక్కువ కాలువలు) కట్టారు. ఎండకు కొదవలేని ఆ ఎడారిలో రాత్రి చలి దిగుబడిని దెబ్బతీసింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో తరువాత ఏర్పడిన ఉమ్మడి పరీక్షా వేదిక ఈ పాఠాన్ని గ్రహించి, అరిజోనా, హవాయి, కాలిఫోర్నియా వంటి వేర్వేరు వాతావరణాలలో ఒకే కొలతల చిన్న చెరువులు పెట్టి, ఒకే పద్ధతిలో పెంచి, ఫలితాలను బహిరంగపరచింది. నెదర్లాండ్స్‌లోని వాగనింగన్‌లో 2011లో మొదలైన కేంద్రం ఇంకో దారి పట్టి, తెరిచిన చెరువును, మూడు రకాల ఫోటోబయోరియాక్టర్లను (శైవలాన్ని మూసి ఉంచి పెంచే పారదర్శకమైన గొట్టాలు, పలకల వంటివాటిని) ఒకే ఎండ కింద పక్కపక్కనే నడిపింది. మనకు ఈ రెండు ఆలోచనలూ పనికివస్తాయి.

లెక్క కూడా నిజాయతీగా రాయండి. చదరపు మీటరుకు రోజుకు 20 గ్రాముల ఎండు పదార్థం రావడమంటే తెరిచిన చెరువులో అది మంచి దిగుబడే. ఆ చొప్పున హెక్టారుకు రోజుకు 200 కిలోలు వస్తుంది, అందులో నూనె ఐదో వంతు ఉంటే 40 కిలోలు చేతికందుతుంది. దానికి రోజూ సుమారు 360 కిలోల కార్బన్ డయాక్సైడ్ అందించాలి. పోషకంగా ఇచ్చే నత్రజనిని ఆపితే నూనె శాతం పెరుగుతుంది కానీ ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి, శాతాన్ని మాత్రమే చూపించే గ్రాఫును నేను నమ్మను. రోజుకు చదరపు మీటరుకు ఎంత నూనె వచ్చిందన్నదే అడుగుతాను.

నిజంగా పంచుకోవలసిన యంత్రం సెంట్రిఫ్యూజ్, అంటే నీటిని వేగంగా తిప్పి శైవలాన్ని వేరు చేసేది. చెరువు నీటిలో శైవలం లీటరుకు అర గ్రాము ఉంటే, కిలో ఎండు పదార్థం కోసం 2000 లీటర్లు వడకట్టాలి. అంత పని చేయగల యంత్రాన్ని ఏ కాలేజీ కూడా ఒంటరిగా ఏడాది పొడుగునా తీరిక లేకుండా నడపలేదు.

జవాబు 2: రొయ్యల హేచరీ టెక్నీషియన్, ఈస్ట్ కోస్ట్ రోడ్

అమ్మా, మీ తొట్టిలో ఏం జరిగిందో ఖాయంగా చెప్పలేను కానీ, ఆ నీటిని మైక్రోస్కోపు కింద చూశారా అన్నది నా మొదటి ప్రశ్న. చేపల హేచరీలలో రోటిఫర్లను (శైవలాన్ని తినే అతి చిన్న నీటి జీవులను) పెంచడానికి మేతగా వేసేదే మీ నానోక్లోరాప్సిస్. కాబట్టి సముద్రపు నీటితో పాటు నాలుగు రోటిఫర్లు లోపలికి వస్తే, వాటికి మీరు విందు వడ్డించినట్టే.

మేము రొయ్య పిల్లల కోసం కీటోసెరోస్ అనే మరో సూక్ష్మశైవలాన్ని రోజూ పెంచుతాము. నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసి, మిగిలిన క్లోరిన్‌ను థయోసల్ఫేట్‌తో విరిచి, ఫ్లాస్కు నుంచి క్యాన్‌కు, క్యాన్ నుంచి తొట్టికి మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతాము. రెండు లీటర్లు నేరుగా 500 లీటర్లలో పోస్తే కల్చర్ (పెంచుతున్న శైవలం) పలచబడి, ఎండ తాకిడికి తట్టుకోలేదు. పైగా ఆల్గే రూములో ఒక జత ఫ్లాస్కులు ఎప్పుడూ విడిగా ఉంటాయి. కల్చర్ పడిపోయిన రోజున వాటితోనే మళ్ళీ మొదలుపెడతాము. మీ కేంద్రంలో యంత్రాలతో పాటు, రాత్రి పూట కూడా నీటి రంగు చూసి తేడా పసిగట్టగల మనిషికి జీతం రాయండి. అది లేని ప్రతిపాదన నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

విద్యార్థిని

ఇద్దరికీ ధన్యవాదాలు. భద్రపరచిన నమూనాను ఈ రోజు చూశాను, రోటిఫర్లు కనిపించాయి. మధ్యాహ్నపు వేడి కూడా తోడై ఉండవచ్చని అనుమానం మిగిలే ఉంది. చెన్నైలో వానల కాలాన్ని ఎలా దాటాలో కూడా చెప్పగలరా?

జవాబు 1: బయోకెమికల్ ఇంజినీరు, గిండీ

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 20 సెంటీమీటర్ల లోతున్న చెరువులో ఒక్క రోజులో 100 మిల్లీమీటర్ల వాన పడితే లోతు 30 సెంటీమీటర్లవుతుంది, లీటరుకు 35 గ్రాములున్న ఉప్పుదనం సుమారు 23కు పడిపోతుంది, శైవలం కూడా అదే నిష్పత్తిలో పలచబడుతుంది. గట్టు తక్కువైతే పంటలో కొంత భాగం కాలువలో కలుస్తుంది. అందువల్ల సగం చెరువులకు పారదర్శకమైన పైకప్పు వేసి, మిగిలిన సగాన్ని కావాలనే తెరిచి ఉంచండి. రెండింటిలోనూ ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పుదనం పదిహేను నిమిషాలకోసారి నమోదయ్యే సెన్సర్లు పెట్టండి. కల్చర్ పడిపోయిన రోజుల లెక్కలను కొట్టివేయకుండా పట్టికలో ఉంచాలన్న నియమంపై భాగస్వాములందరి చేతా సంతకం చేయించండి. మొదటి ప్రయోగాన్ని జనవరిలో ప్రారంభిస్తే, వానలు రాకముందే మే నెల ఎండను కూడా కొలిచినవారవుతారు.