గొర్రెల ఎలక్ట్రానిక్ చెవిపోగులకు ఎలాంటి చేతి రీడర్ తీసుకోవాలి?

ప్రశ్న (అనంతపురం జిల్లా, గొర్రెల పెంపకందారు):
మాకు రెండు వందలకు పైగా నెల్లూరు జొడిపి గొర్రెలున్నాయి. పిల్లల తూకాలు, నట్టల మందు తాగించిన తేదీలు, ఏ గొర్రె ఎప్పుడు ఈనిందన్న వివరాలు ఇంతవరకు నోటుపుస్తకంలోనే రాస్తున్నాం. పోగుకు మట్టి పట్టాక 3, 8 ఒకేలా కనిపిస్తుండటంతో, ఎలక్ట్రానిక్ పోగులు వేయించి రీడర్ కొనాలనుకుంటున్నాం. ఒక వ్యాపారి పిస్తోలు ఆకారంలో ఉన్నది చూపించి పది అడుగుల నుంచి చదువుతుందంటున్నారు. మరొకరు మూరెడు కర్రలాంటి రీడరే గొర్రెలకు సరైనదంటున్నారు. ఏది నమ్మాలి? మా గేదెలకు ప్రభుత్వం వేసిన పసుపు పోగులను కూడా అదే రీడర్ చదువుతుందా?

జవాబు (పశువైద్యుడు):
మీ చివరి ప్రశ్నకు ముందు సమాధానం చెబుతాను. పశు ఆధార్ పేరుతో గేదెలకు వేసే పసుపు పోగు మీద 12 అంకెల నంబరు, బార్‌కోడ్ ముద్రించి ఉంటాయి. ఎలక్ట్రానిక్ పోగులో ఉన్నట్టు రేడియో తరంగాలతో నంబరు పంపే చిప్ దాని లోపల ఉండదు. దానికి ఫోన్ కెమెరా చాలు, ఎంత ఖరీదైన రేడియో రీడర్ తెచ్చినా అది పలకదు.

ఇక గొర్రెల విషయం. రీడర్ కన్నా ముందు పోగును నిర్ణయించుకోండి. పశువుల గుర్తింపునకు ఐఎస్ఓ 11784, 11785 అనే అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. వాటి ప్రకారం పోగు 134.2 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేస్తూ 15 అంకెల నంబరు ఇస్తుంది. మొదటి మూడంకెలు దేశానివైతే మనకు 356 వస్తుంది, తయారీదారువైతే 9తో మొదలవుతుంది. మీకు చూపిన పిస్తోలు రీడర్ బహుశా యూహెచ్ఎఫ్ (చాలా ఎక్కువ పౌనఃపున్యం గల రేడియో తరంగాలతో దూరం నుంచి చదివే) రకం. మన దేశంలో అది 865 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో పనిచేస్తుంది కనుక 134.2 పోగును అసలు గుర్తించదు. దూరం నుంచి చదవడం వినడానికి బాగానే ఉంటుంది కానీ, దొడ్డిలో ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డ గొర్రెల్లో ఇప్పుడు పలికిన నంబరు దేనిదో తేల్చుకోవడం కష్టం. పైగా తడి శరీరం ఆ తరంగాలను పీల్చేస్తుంది. కాటా మీద ఉన్న ఒక్క పిల్ల నంబరే కావాల్సిన మీకు జానెడు, మూరెడు దూరంలో చదివే కర్ర రీడరే మేలని నా గట్టి అభిప్రాయం.

జవాబు (ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో గొర్రెల క్షేత్రంలో పనిచేస్తున్నాను):
ఇక్కడ 2017 జనవరి 1 తర్వాత పుట్టిన గొర్రెలకు, మేకలకు ఎలక్ట్రానిక్ పోగు తప్పనిసరి కావడంతో కర్ర రీడర్ రోజూ చేతిలో ఉండే పనిముట్టే. ఆ 134.2 పోగుల్లోనూ ఎఫ్‌డీఎక్స్-బి, హెచ్‌డీఎక్స్ అని రెండు రకాలున్నాయి. మొదటిది రీడర్ పుట్టించే అయస్కాంత క్షేత్రం ఉన్నంతసేపూ బదులిస్తుంది. రెండోది ముందు శక్తిని నిల్వ చేసుకుని, ఆ అయస్కాంత క్షేత్రం ఆగాక బదులిస్తుంది, అందుకే సాధారణంగా కాస్త ఎక్కువ దూరం అందుతుంది. రెండింటినీ చదివే రీడరే తీసుకోండి. ఆల్‌ఫ్లెక్స్ ఆర్ఎస్420 అలాంటిదే. తెర, మీటలు ఉండి అక్కడికక్కడే వివరాలు చేర్చుకోవాలంటే ట్రూ-టెస్ట్ ఎక్స్ఆర్ఎస్2 చూడవచ్చు.

కొనేముందు మీ దొడ్డిలోనే పరీక్షించమని అడగండి. ఇనుప గేటు పక్కన, నడుస్తున్న మోటారు దగ్గర చదివే దూరం తగ్గిపోతుంది. రెండు గొర్రెల చెవులు ఒకేసారి కర్ర ముందుకొస్తే ఒక్క నంబరూ రాకపోవచ్చు. కర్రను పోగుకు ఎదురుగా పట్టుకోవడం, పక్కవాటంగా పట్టుకోవడం మధ్య ఎంత తేడా ఉందో చూస్తే మీకే తెలుస్తుంది. చదవగానే కర్ర అదిరితే, గొర్రెల అరుపుల్లో బీప్ శబ్దం వినిపించకపోయినా నంబరు అందిందని చేతికి తెలుస్తుంది. ఇది చిన్న సదుపాయం కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా అబ్బాయి ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ (దగ్గరగా ఉంచిన చిప్‌ను చదివే సదుపాయం) ఉంది. దానితోనే చదవలేమా? వచ్చిన నంబర్లను ఎక్సెల్‌లో పెట్టుకోవడం సులభమేనా?

జవాబు (పశువైద్యుడు):
చదవలేరు. ఎన్ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్‌ది. రీడర్‌ను బ్లూటూత్‌తో ఫోన్‌కు జతచేయండి. నంబరును కీబోర్డుతో టైపు చేసినట్టు పంపే సదుపాయం ఉన్నదైతే ప్రత్యేక యాప్ లేకున్నా పని జరుగుతుంది. ఎక్సెల్ మాత్రం 15 అంకెల నంబరును 3.56ఇ+14 అని కుదించి చూపుతుంది, అలాగే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) ఫైలుగా భద్రపరిస్తే మిగతా అంకెలు పోతాయి. అందుకని నంబర్లు చేర్చకముందే ఆ నిలువు వరుసను (కాలమ్‌ను) టెక్స్ట్‌గా మార్చి ఉంచండి.