ఎంవీపీ ఎవరికి? ఫీల్డ్ గోల్‌కి రెండు ఇయ్యాలా? (ఓటింగ్ ఆదివారం దాకా)

కమీషనర్ (మంగళవారం, రాత్రి 9:10)
మన ఆన్‌లైన్ హాకీ సిమ్ లీగ్ (ఒక్కొక్కరు ఒక ప్లేయర్‌ని చేసుకొని ట్రైనింగ్ పాయింట్లు ఏసి పెంచుతం, మ్యాచ్‌లు నా ప్రోగ్రాం ఆడిస్తది) సీజన్ 5 అయిపోయింది, అందరికీ థాంక్స్. రెండు ముచ్చట్లు తేల్చాలె.

ఒకటి ఎంవీపీ, అంటే సీజన్ బెస్ట్ ప్లేయర్. నామినేషన్లు మూడే వచ్చినయ్. లాలాగూడ డ్రాగ్ ఫ్లిక్కర్ బుల్లెట్ బాషా (ఫ్లిక్_మామ ప్లేయర్), 31 గోల్స్, అందులో 27 పెనాల్టీ కార్నర్లే, అంటే అవతలోళ్లు గోల్ దగ్గర ఫౌల్ చేస్తే దొరికే ఛాన్సులల్ల కొట్టినయ్. మారేడ్‌పల్లి గోలీ, అంటే గోల్‌కీపర్, గోడ గోపాల్ (ప్యాడ్స్_అక్క ప్లేయర్), 14 మ్యాచ్‌ల్లో 5 సార్లు ఒక్క గోల్ కూడా ఇయ్యలేదు. కూకట్‌పల్లి మిడ్‌ఫీల్డర్ సందు శీను (కూకట్‌పల్లి_కోస్తా ప్లేయర్), 4 గోల్స్, మిగతాది చూసినోళ్లకే తెలుసు.

రెండోది రూల్. వచ్చే సీజన్ నుంచి ఫీల్డ్ గోల్‌ని (కార్నర్ కాకుండ నడిచే ఆటల పడ్డ గోల్) రెండు గోల్స్ కింద లెక్కేద్దామా? నేను కనిపెట్టింది కాదు, హాకీ ఇండియా లీగ్‌లో 2016, 2017 సీజన్లు ఇట్లనే ఆడిండ్రు. ఎంవీపీకి ఎప్పటిలాగే 40 ట్రైనింగ్ పాయింట్ల బోనస్.

ఫ్లిక్_మామ (9:31)
దీనికి ఓటింగ్ ఎందుకో నాకైతే సమజ్ కాలే. 31 గోల్స్ భై. రెండో ప్లేసులున్నోనికి 17. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌ల మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ 10 గోల్స్ కొట్టిండు, టోర్నమెంట్ మొత్తంల అందరికన్నా ఎక్కువ, కాంస్యం మ్యాచ్‌ల స్పెయిన్ మీద పడ్డ రెండూ ఆయనవే, ఆ ఏడు ఎఫ్‌ఐహెచ్ (ప్రపంచ హాకీ సంఘం) బెస్ట్ ప్లేయర్ అవార్డు ఆయనకే ఇచ్చిండ్రు. అండ్ల కార్నర్లెన్ని అని ఎవడన్న అడిగిండా? గోల్ అంటే గోలే. బాషాకు ఇచ్చి పడుకోండ్రి.

టోలిచౌకి_భాయ్ (9:33)
మామ ఓటు మామకే 😂

ప్యాడ్స్_అక్క (9:58)
అన్నా, ప్యారిస్ అన్నారు కాబట్టి అక్కడిదే చెప్తా. బ్రిటన్ మీద క్వార్టర్ ఫైనల్ చూశారా? రెండో క్వార్టర్ మొదట్లోనే మన డిఫెండర్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్, అక్కణ్ణుంచి చివరిదాకా పదిమందితోనే ఆడారు, మ్యాచ్ 1-1, షూటవుట్ 4-2. ఆ ఒక్క గోల్ హర్మన్‌ప్రీతే కొట్టాడు, కాదనను. కానీ మన గోలీ శ్రీజేష్ లేకపోతే ఆ ఒక్కటీ ఏ మూలకి? మీరు లెక్కపెట్టేది పడిన గోల్స్, నేను లెక్కపెట్టేది పడనివి. పడనివి స్కోర్‌బోర్డ్ మీద కనపడవు కదా, అందుకే గోలీకి ఎప్పుడూ ఇదే గతి.

ఫ్లిక్_మామ (10:04)
శ్రీజేష్‌కు అదే ఏడు గోల్‌కీపర్ అవార్డు వేరే ఇచ్చిండ్రమ్మా. మీది మీకుంది. మాది మాకు ఇడ్వుండ్రి.

ఐస్‌బాబు (10:20)
నైట్ షిఫ్ట్‌లో ఉన్నా, కెనడా క్లయింట్లతో కూర్చుని కూర్చుని ఐస్ హాకీ నేర్చుకున్నోణ్ణి, జర వినండి. అక్కడ కూడా గోలీలకి వేరే ట్రోఫీ ఉంది, వెజీనా అని. ఎంవీపీకిచ్చేది హార్ట్ ట్రోఫీ. హషెక్ అనే గోలీ 1997, 98 రెండేళ్లు వరసగా రెండూ పట్టుకెళ్లాడు, ప్రైస్ 2015లో, మొన్న 2025లో హెలెబక్. వేరే అవార్డు ఉంది కాబట్టి ఇది ఇవ్వం అనే లెక్క అక్కడ నడవదు.

ఇంకోటి. 2017-18లో మెక్‌డేవిడ్ 108 పాయింట్లతో లీగ్‌లోనే టాప్, కానీ వాళ్ల టీమ్ ప్లేఆఫ్‌కి రాలేదు, హార్ట్ టేలర్ హాల్‌కి పోయింది. మన లాలాగూడ ఎన్నో ప్లేస్ మామా?

టోలిచౌకి_భాయ్ (10:21)
ఆరు. ఎనిమిది టీముల్లో.

ఫ్లిక్_మామ (10:29)
టీమ్ ఆరో ప్లేసుల ఉంటే బాషా తప్పా? ముంగటున్న ముగ్గురు ఫార్వర్డ్‌ల ఓనర్లు నెలకొక్కసారి లాగిన్ అయితరు, ట్రైనింగ్ పాయింట్లు వాడకుంట వదిలేస్తరు. ఆ 31 లేకుంటే మాది ఎనిమిదో ప్లేసు. నడిచే టీముల నిలబడుడు గొప్పనా, మునిగే పడవను మొయ్యుడు గొప్పనా?

కూకట్‌పల్లి_కోస్తా (11:15)
ఎవరూ మా శీను గురించి మాట్లాడరని తెలుసు, అది పక్కన పెడదాం. నాకు ఒక్క డౌట్. 31లో 27 కార్నర్లు అన్నారు, మిగతా 4 ఫీల్డ్ గోల్సా? నేను ఖాళీగా ఉండి మ్యాచ్ లాగ్స్ అన్నీ తీసి చూశాను. ఆ నాలుగింట్లో మూడు రీబౌండ్లు. బాషా ఫ్లిక్ చేశాడు, గోలీ ప్యాడ్‌కి తగిలింది, బాల్ మళ్లీ బాషా దగ్గరికే వచ్చింది, నెట్టేశాడు. అది కార్నర్ గోల్ కాక మరేంటి?

ఫ్లిక్_మామ (11:22)
గోలీ ఆపినంక కార్నర్ ఖతం. తర్వాత పడ్డది ఫీల్డ్ గోలే.

కూకట్‌పల్లి_కోస్తా (11:30)
ఖతం కాదండీ. బాల్ డీ (గోల్ ముందుండే అర్ధచంద్రం గీత) దాటి ఐదు మీటర్ల అవతలికి పోతేనో, బ్యాక్‌లైన్ దాటితేనో, ఇంకేదైనా ఫౌల్ అయితేనో కార్నర్ అయిపోయినట్టు. గోలీ ప్యాడ్‌కి తగిలి డీలోనే తిరుగుతుంటే కార్నర్ ఇంకా బతికే ఉంది. మీ వాడికి ఫీల్డ్ గోల్ ఒక్కటే. ఒకటి.

ఫ్లిక్_మామ (11:34)
మరి కమీషనర్ ఇంజన్ల (మ్యాచ్‌లు ఆడించే ప్రోగ్రాం) ఫీల్డ్ గోల్ అని ఎందుకు రాసింది?

కమీషనర్ (11:40)
అది బగ్. రీబౌండ్‌కి వేరే లైన్ రాయలేదు. చూస్తా.

ఫ్లిక్_మామ (11:47)
చూడు చూడు. నాకు నష్టమయ్యే బగ్గులు నీకు మా జల్ది కనిపిస్తయ్.

(బుధవారం అంతా రీబౌండ్ మీదే నడిచింది, 23 మెసేజ్‌లు. అండ్ల కొత్తది ఏం లేదు కాబట్టి కిందికి మడిచేసిన. — కమీషనర్)

కొత్తోడు_22 (గురువారం, మధ్యాహ్నం 1:05)
అన్నలూ నేను కొత్త, తప్పుగా అనుకోకండి. కార్నర్ కొడితే ఎందుకంత ఈజీగా గోల్ పడుతోంది?

ప్యాడ్స్_అక్క (1:40)
తమ్ముడూ మంచి ప్రశ్న అడిగావు. కార్నర్ అప్పుడు డిఫెండ్ చేసేది గోలీతో కలిపి ఐదుగురే, మిగతావాళ్లంతా సెంటర్ లైన్ అవతల నిలబడాలి. మొదటి షాట్ హిట్ అయితే బాల్ 460 మిల్లీమీటర్ల కంటే పైకి లేవకూడదు, అంటే వెనక ఉండే చెక్క బోర్డు ఎత్తు. కానీ డ్రాగ్ ఫ్లిక్‌ని హిట్ అనరు, స్టిక్‌తో ఈడ్చి విసరడం కదా, అందుకని అది తల ఎత్తులో వచ్చినా చెల్లుతుంది. నిజం ఆటలోనే గోలీకి ఇది నరకం. మన సిమ్‌లో అయితే డ్రాగ్ ఫ్లిక్ 90 దాటినవాడి ముందు గోలీ రిఫ్లెక్స్ ఎంతున్నా వేస్ట్, నేను గోపాల్‌ని 94కి తెచ్చా, బాషా ముందు 70 ఉన్నా అంతే 94 ఉన్నా అంతే. ఏదో తేడా ఉంది, ఏంటో తెలీదు.

ఫ్లిక్_మామ (2:15)
తేడా ఏం లేదు, దాన్నే నైపుణ్యం అంటరు. మొన్న 2025 ఫిబ్రవరిల మన హైదరాబాద్ తూఫాన్స్ హాకీ ఇండియా లీగ్ ఫైనల్ల 4-3తోని పోలేదా, బెంగాల్ ఫ్లిక్కర్ జుగ్‌రాజ్ హ్యాట్రిక్ కొట్టిండు. అప్పుడు ఎవడన్న పోయి రూల్ మార్చుమన్నడా? బాధ పడ్డం, చాయ్ తాగినం, ఇంటికి పోయినం.

ప్యాడ్స్_అక్క (2:52)
మీరు చాయ్ తాగి ఇంటికి పోగలరు అన్నా, ఎందుకంటే మిమ్మల్ని ఎవరూ గోల్‌లో నిలబెట్టలేదు. నాకు పదహారేళ్లప్పుడు జిల్లా సెలక్షన్స్‌కి వెళ్తే అబ్బాయిల ప్యాడ్స్ ఇచ్చారు, మోకాలి పైదాకా వచ్చాయి, బెల్ట్ తెగిపోతే చున్నీతో కట్టుకుని నిలబడ్డా. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఎన్ని ఆపానో ఆ సార్ రాసుకోలేదు. ఒక్కటి వదిలేశా, అది మాత్రం రాసుకున్నాడు. దాన్ని కొట్టిన అమ్మాయి సెలెక్ట్ అయింది. మంచి ప్లేయరే, నాకు ఆమె మీద కోపం లేదు. కానీ ఆ నోట్‌బుక్ మీద ఇప్పటికీ ఉంది. ఇక్కడ కూడా 31 గోల్స్ 31 గోల్స్ అంటుంటే నాకు ఆ నోట్‌బుక్కే కనపడుతోంది.

టోలిచౌకి_భాయ్ (2:55)
అక్కా 🙏

ఫ్లిక్_మామ (3:20)
బాధ సమజైంది అమ్మా, కానీ ఆ సార్ చేసిన దానికి బాషా ఎందుకు కట్టాలె.

కూకట్‌పల్లి_కోస్తా (3:26)
ఎవరు ఎవరికి కట్టమన్నారండీ, ఫీల్డ్ గోల్‌కి రెండు ఇద్దాం అన్నాం అంతే. కొంచెం పాసింగ్ కనపడుతుంది, ఇప్పుడు మ్యాచ్ అంటే డీలోకి వెళ్లి ఎవడి కాలికో బాల్ తగిలించి కార్నర్ అడుక్కోవడమే కదా.

ఫ్లిక్_మామ (3:31)
అడుక్కునుడా? జర మాట మంచిగ రానియ్.

కూకట్‌పల్లి_కోస్తా (3:33)
మరేమనాలి? సంపాదించుకోవడం అందామా?

ఫ్లిక్_మామ (3:58)
ఇగో నేను ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్త, ఎవనికి కోపమొచ్చినా మంచిదే. సీజన్ 1ల డ్రాగ్ ఫ్లిక్ 40 కాడ మొదలు పెట్టిన. ఇయ్యాల 96. నడుమ నాలుగేండ్లు. మా నాయిన దవాఖానల ఉన్నప్పుడు కారిడార్ల బెంచీ మీద కూసొని రాత్రి పదకొండింటికి ఆ దినం పాయింట్లు ఏసిన, ఒక్క దినం తప్పలే, ఎందుకంటే ఆ టైంల నా చేతిల ఉన్నది ఆ ఒక్కటే. అప్పుడున్న రూల్ చూసే కదా ఏసిన. ఫార్వర్డ్ చెయ్యాల్నా ఫ్లిక్కర్ చెయ్యాల్నా అని వారం దినాలు ఆలోచన చేసి ఏసిన. ఇప్పుడు మీరొచ్చి ఫీల్డ్ గోల్‌కు రెండు అంటే నా 96 విలువ ఒక్క రాత్రిల సగం.

1976ల మాంట్రియల్ ఒలింపిక్స్‌ల గడ్డి తీసేసి ప్లాస్టిక్ పరిచిండ్రు, మనోళ్లు ఏడో ప్లేసుకు పడ్డరు. మనోళ్లకు ఆట రాకనా? గడ్డి మీద పుట్టి పెరిగిన మణికట్లు అవి, కింద నేలనే మారిపాయె. రూల్ మార్చేటోనికి ఏం పోతది? పోయేది నేర్చుకున్నోనిది.

ఐస్‌బాబు (4:10)
మామా ఇది ముందే చెప్పొచ్చు కదా. మూడ్రోజుల నుంచి రీబౌండ్ గురించి కొట్టుకుంటున్నాం.

కమీషనర్ (4:45)
సరే, నేను కూడా ఒకటి ఒప్పుకోవాలె. సీజన్ 2 నడుమల ఇంజన్‌ల కార్నర్ ఫార్ములా మార్చిన. అంతకుముందు గోలీ రిఫ్లెక్స్‌కి, ఫ్లిక్‌కి సమానంగా తూకం ఉండె. ఫ్లిక్ 90 దాటితే రిఫ్లెక్స్ లెక్కలోకి రాకుండ చేసిన. ఎందుకంటే అప్పుడు ఒకాయన దినాం రాత్రి ఫోన్ చేసి, నా పాయింట్లన్నీ పోసినా గోల్ పడుతలేదు, ఇదేం ఇంజన్, అని నా ప్రాణం తీసిండు. ఎవరికీ చెప్పకుంట మార్చిన. తప్పు నాదే.

ప్యాడ్స్_అక్క (4:47)
ఆ ఒకాయన ఎవరు?

కమీషనర్ (4:47)
పేరెందుకు అక్కా.

టోలిచౌకి_భాయ్ (4:48)
లాలాగూడ నుంచి సిగ్నల్ వీక్‌గా వస్తోంది 😂😂

ప్యాడ్స్_అక్క (5:05)
అంటే సీజన్ 2 నుంచి నేను రిఫ్లెక్స్‌లో వేసిన పాయింట్లన్నీ బాషా మీద సున్నా. మూడున్నర సీజన్లు. అన్నా, మీరు 96 విలువ సగం అయితదని అన్నారు కదా. నాది ఎప్పుడో సున్నా అయింది, నాకెవరూ చెప్పలేదు అంతే. మీ నేల మారుతుందంటే ఓటింగ్ పెట్టారు. నా నేల రాత్రికి రాత్రి లాగేశారు.

కొత్తోడు_22 (5:06)
అమ్మో

ఫ్లిక్_మామ (6:30)
ఫోన్ చేసింది నేనే. ఫార్ములా మార్చుమని అనలే, పడుతలేదు అని మాత్రం అన్న. మార్చిండని నాకు తెల్వది. ఒట్టు. తెలిస్తే ఊకునేటోన్నని మాత్రం అనను, సంబురపడుతుంటి కావచ్చు.

కూకట్‌పల్లి_కోస్తా (6:41)
అయితే ఫీల్డ్ గోల్‌కి రెండు అవసరమే లేదుగా? ఫార్ములా పాతదానికి తిప్పేస్తే కార్నర్లు వాటంతటవే తగ్గుతాయి. నాకైతే రెండు కావాలి, మా శీనుకి లాభం, అది వేరే విషయం.

ఐస్‌బాబు (7:02)
తిప్పితే మామ మళ్లీ నష్టపోతాడు. తిప్పకపోతే అక్క. ఒక పని చేద్దాం, ఒక్కసారికి అందరి పాయింట్లూ వాపస్ ఇచ్చేసి ఎవరికి కావాల్సినట్టు వాళ్లు మళ్లీ పంచుకోనిద్దాం.

ఫ్లిక్_మామ (7:20)
నాలుగేండ్లవి మొత్తం వాపసా? ఒక్కటి కూడ కట్ చెయ్యకుంట?

కమీషనర్ (7:25)
మొత్తం. ఇంజన్‌ల మార్పు ఏది చేసినా ముందు ఇక్కడ పెట్టి, ఓటైనంకనే చేస్త. రాసిస్త.

ప్యాడ్స్_అక్క (7:31)
పాయింట్లు వాపస్ ఇస్తే సరిపోదు, ఫార్ములా ఇంకెవరైనా చూసేలా ఉండాలి. ఒక్కరి లాప్‌టాప్‌లో ఉంటే మళ్లీ ఇదే.

కమీషనర్ (7:33)
కోడ్ చూస్తే మీరు నవ్వుతరు అక్కా.

ప్యాడ్స్_అక్క (7:34)
నవ్వుతాం. పెట్టు.

ఫ్లిక్_మామ (7:50)
గా పంచుకునేటప్పుడు బాషా పొజిషన్ కూడ మార్చుకోవచ్చా? ఒకవేళ ఫార్వర్డ్ చేస్తే అని. ఊకెనే అడుగుతున్న.

కూకట్‌పల్లి_కోస్తా (7:52)
ఇప్పుడు ఫీల్డ్ గోల్‌కి రెండు కావాలేమో మామకి.

కొత్తోడు_22 (8:15)
మరి ఎంవీపీ ఎవరికన్నా?

కమీషనర్ (8:22)
ఇప్పటిదాకా మూడు ఓట్లు పడ్డయ్. ముగ్గురూ ఎవరికి వాళ్లే ఏస్కున్నరు.