విమానానికి బండి తగిలిందని తనే చెప్పినోన్ని ఇంటికి పంపడం న్యాయమేనా?

పెన్న ఒడ్డు (అనంతపురం):
2025 ఏప్రిల్‌లో బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఆపి పెట్టిన ఇండిగో విమానం కిందికి టెంపో ట్రావెలర్ దూరి పైకప్పు నలిగిపోయిన ఫోటో చూసింటారు. అది మా గ్రూపులో మళ్లా తిరుగుతాంది, కింద అందరిదీ ఒకటే మాట, అట్లాంటి డ్రైవర్లను ఆ పొద్దే పీకేయాల అని. నేను ఒప్పుకోను.

నేను ఆరేండ్లు ర్యాంపు మీద, అంటే విమానాలు ఆపే చోట పనిచేసినా, ముందు బ్యాగుల డాలీలు (ట్రాలీలు) లాగే ట్రాక్టరు తోలినా, తర్వాత బ్యాగులను విమానంలోకి ఎక్కించే బెల్ట్ లోడర్. మన హైవేనే నేరుగా ఆ ఎయిర్‌పోర్టు ఉండే దేవనహళ్లికి పోతాది కాబట్టి ఆడ మనోళ్లు శానామంది ఉన్నారు. విమానం ఆగినాక ఎర్ర బీకన్ లైటు ఆరాల, చక్రాలు కదలకుండా చాక్స్ (అడ్డు దిమ్మెలు) పెట్టాల, అంతవరకు ఎవరూ దగ్గరికి పోగూడదు. ఆ తర్వాత కూడా లోడర్‌ను కాస్త దూరంలోనే నిలిపి బ్రేకు పడుతోందో లేదో చూసుకోని నత్త మాదిరి పోవాల, కొసన ఉండే రబ్బరు కూడా విమానానికి ఆనగూడదు.

ఒక రాత్రి మూడప్పుడు, తుంపర పడ్తాంది, కొత్తగా చేరిన కదిరి పిల్లోడు తోలుతాంటే లోడర్ కొస కార్గో డోరు అంచుకు రాసింది. చప్పుడు కూడా రాలేదు. టార్చి ఏసి చూస్తే పెయింటు మీద వెంట్రుకంత గీత. వాని చేతులు వణుకుతాండాయి. "ఎవరూ చూల్లేదు కదన్నా" అన్నాడు. చెప్పేద్దాం రా అని నేనే ఇంజనీరును పిలిపించినా, వాడే చూపించినాడు. ఆయన ఏలితో తడిమి, కొలిచి, పర్వాలేదు పోవచ్చన్నాడు. ఫ్లైటు రెండు గంటలు లేటు. మరుసటి రోజు వాన్ని పంపించేసినారు. ఆ తర్వాత మా షిఫ్టులో ఏది తగిలినా ఎవరూ నోరు తెరిచింది లేదు.

దేవుని గడప (కడప):
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది గానీ నేను ఆర్టీసీలో ఇరవై ఏండ్లు స్టీరింగ్ పట్టినోన్ని. బస్సుకు గీత పడితే డిపోలో జవాబు చెప్పుకోవాల, ఆ భయమే మమ్మల్ని ఒళ్లు దగ్గర పెట్టుకునేట్టు చేసింది. మా అమ్మ ఏటీఆర్ (ఫ్యాన్ల చిన్న విమానం) ఎక్కి పోతాంటాది, దాని పక్కన బండి తోలేటోనికి భయం లేకపోతే ఎట్ల? 2022 ఆగస్టులో ఢిల్లీలో గో ఫస్ట్ వాళ్ల కారు ఇండిగో విమానం ముక్కు కిందికి పోయి ముందు చక్రానికి కొద్దిలో తప్పింది, దానికేమంటావు?

పెన్న ఒడ్డు:
ఆ కారు డ్రైవర్ తాగలేదని పరీక్షలో తేలిందన్నా. బస్సుకు గీత పడితే బస్సు రోడ్డు మీదే ఉంటాది. విమానం పైకి లేచే కొద్దీ లోపలి గాలి రేకును బయటికి నెట్టుతాంటాది, దెబ్బ తిన్న చోట చినిగేది అప్పుడే. 2005 డిసెంబర్ 26న అమెరికాలో సియాటిల్ నుంచి లేచిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 536కు అదే జరిగింది, కింద ర్యాంపు మీద బండి తగిలితే ఆ పనోడు చెప్పలేదు, 26 వేల అడుగుల దగ్గర అడుగు పొడవు బొక్క పడి లోపలి గాలి పోయింది, వెనక్కి తిప్పి క్షేమంగా దించినారు. వాడు కిందనే చెప్పింటే ఆ విమానం లేచేదే కాదు. ఇంక బోయింగ్ 787 లాంటివి కార్బన్ ఫైబర్‌వి, పైకి ఏమీ కనపడకుండా లోపల పొరలు విడిపోవచ్చు, కొట్టినోడు చెప్తే తప్ప తెలీదు. తాగినోన్ని, ఫోన్ చూస్తా తోలినోన్ని, కొట్టి దాచినోన్ని తీసేయండి, ఎయిర్‌పోర్టు లోపల బండి తోలే పర్మిట్ రద్దు చేయండి. చెప్పినోన్ని మాత్రం వదలండి.

ఓర్వకల్లు రాళ్లు (కర్నూలు):
మీరిద్దరూ డ్రైవర్ కాన్నే ఆగిపోయినారు. వరసగా ఎన్ని నైట్లు ఏసినారు, అరగంటలో విమానం మళ్లా లేవాలని వాని చెవి దగ్గర అరిచేదెవరు, అది కూడా అడగండి. 2021 మార్చిలో మా ఓర్వకల్లులో ఫ్లైట్లు మొదలైనాయి, ఆడ విమానాలు తక్కువ కాబట్టి పని నిమ్మళంగా జరుగుతాది. బెంగళూరులో ఆ నిమ్మళం యాడిది?

దేవుని గడప:
అదీ నిజమే. చెప్పినోని ఉద్యోగం తీయొద్దంటే సగం ఒప్పుకుంటా. రెండోసారీ అదే చేస్తే?

పెన్న ఒడ్డు:
బండి దించి మళ్లా ట్రైనింగ్‌కు పంపమంటానన్నా, ఇంటికి కాదు. ఆ కదిరి పిల్లోడు ఇప్పుడు ఊర్లో ఆటో తోలుకుంటాండాడు. ఉగాదికి కలిసినప్పుడు, "ఆ రాత్రి నువ్వు చెప్పమన్నావని చెప్పినా గదన్నా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.