కంప్రెసర్ షెడ్డులో ఫైర్ అలారం వినపడటం లేదు, ఏం చేయాలి?

మాక్ డ్రిల్ పెట్టినప్పుడల్లా మిగతా విభాగాల వాళ్లు మూడు నిమిషాల్లోపే అసెంబ్లీ పాయింట్‌కి వచ్చేస్తున్నారు. కంప్రెసర్ షెడ్డు వాళ్లు మాత్రం ఎవరైనా వెళ్లి భుజం తట్టేదాకా కదలరు. వాళ్లననీ లాభం లేదు, అలారం వినపడితే కదా!

మెషీన్లన్నీ నడుస్తుంటే సౌండ్ మీటర్ 94 డెసిబెల్స్ చూపిస్తోంది. అలారం హూటర్ మోగినప్పుడు అదే చోట 101. సగటు శబ్దం కన్నా అలారం కనీసం 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని అమెరికా ఫైర్ అలారం ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 చెబుతుంది. అంటే 109 కావాలి. అదే ప్రమాణంలో మొత్తం శబ్దానికి పై హద్దు 110. కాబట్టి శబ్దం పెంచుకుంటూ పోవడానికి పెద్దగా చోటు లేదు. పైగా అందరూ చెవులకి శబ్దం తగలకుండా ఇయర్ మఫ్స్ పెట్టుకునే ఉంటారు.

ఎదురు గోడకి ఇంకో హూటర్ పెట్టాం. షెడ్డు మధ్యలో రీడింగ్ 104కి పెరిగింది, ఎయిర్ ట్యాంకుల వెనక మాత్రం ఏమీ మారలేదు. టోన్ మార్చినా తేడా లేదు. తలుపు పైన ఫ్లాషింగ్ లైటు బిగించాం, అటు తిరిగి ఉన్నవాళ్లకే కనిపిస్తోంది. అలారం మోగగానే కంప్రెసర్లు ఆగిపోయేలా చేద్దామంటే ప్రొడక్షన్ వాళ్లు ఒప్పుకోవట్లేదు. కంట్రోల్ వాల్వులకి గాలి అక్కడి నుంచే వెళ్తుంది, వాళ్ల మాటా నిజమే.

ఇయర్ మఫ్స్ పెట్టుకుని ట్యాంకు వెనక వంగి పనిచేసే మనిషికి అలారం తెలిసేలా, ఒంటికి తగిలించుకునే వైబ్రేషన్ పేజర్లు, అన్ని మూలలా గట్టిగా మెరిసే స్ట్రోబ్ లైట్లు, ఈ రెండింటిలో మీ దగ్గర ఏది నిజంగా పనిచేసింది?